నోటరీ మీద 18 లక్షలంటున్నారు, సంతకం పెట్టాలా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది పాతబస్తీ. ఉప్పుగూడలో ఇరవై ఏళ్లు అద్దెకున్నాం. 2023లో డ్రాలో అమ్మ పేరు మీద, ఊరి బయట ఔటర్ రింగ్ రోడ్డు వైపున్న కొల్లూరులో సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. తాళం చెవి చేతికొచ్చిన రోజు ఇంటిల్లిపాదీ ఏడ్చాం, సంతోషంతోనే. రెండేళ్లు దాటింది, ఇప్పుడు ఇంట్లో రోజూ గొడవే. నాన్న బేగంబజార్‌లో హమాలీ. రోజూ అంత దూరం తిరగలేక వారమంతా గోదాంలోనే పడుకుంటాడు, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్లిపోతాడు. అమ్మ సైదాబాద్‌లో చేసుకునే నాలుగిళ్ల పని పోయింది, ఇప్పుడు ఇక్కడ ఒక గేటెడ్ కమ్యూనిటీలో హౌస్‌కీపింగ్ చేస్తోంది. నేను మెడికల్ షాపులో పని చేస్తా, తమ్ముడు ఇంటర్. నాన్న కాలు ఆపరేషన్‌కి చేసిన అప్పు 4 లక్షలుంది, మూడు రూపాయల వడ్డీ. ఇప్పుడు ఒక బ్రోకర్ మా బ్లాకులో తిరుగుతూ ఒక్కో ఇంటికి 18 లక్షలు ఇప్పిస్తానంటున్నాడు. నోటరీ మీద అగ్రిమెంటు, జీపీఏ (మా తరఫున ఇంటి వ్యవహారాలన్నీ వాళ్లే చూసుకోవచ్చన్న అధికార పత్రం) రాసివ్వాలట. సగం ఇప్పుడిస్తారట, మిగతా సగం రిజిస్ట్రేషన్లు ఓపెన్ అయ్యాకట. అప్పు తీర్చి, 5 లక్షలతో నా పెళ్లి చేసి, మిగిలిన డబ్బుతో మళ్లీ పాతబస్తీలో అద్దెకు పోదాం అంటాడు నాన్న. అమ్మ చచ్చినా సంతకం పెట్టనంటోంది. అమ్మకపోయినా కనీసం ఇది అద్దెకిచ్చి వెనక్కి పోవచ్చా? ఇంకో మాట. మూసీ పక్కన ఉండే మా మేనత్తవాళ్ల గోడ మీద 2024లో ఎర్ర రంగు రాసి ఖాళీ చేయించారు, కానీ వాళ్లకు మలక్‌పేటలోనే ఇల్లిచ్చారు. మాకేమో ఇంత దూరం. మేం చేసిన తప్పేంటి?
ఎస్., కొల్లూరు

జవాబు:

చెల్లీ, ముందు సూటిగా చెప్పేస్తా, ఎందుకో తర్వాత చెప్తా. సంతకం పెట్టొద్దు. మీ అమ్మ చెప్పిందే సరి. ఇల్లు ఆమె పేరు మీద ఉంది కాబట్టి ఆమె వేలు కదలకుండా ఏదీ జరగదు, ఈ ఒక్క విషయంలో ఆ పథకం రాసినవాళ్లకు దండం పెట్టాలి. అలాగని మీ నాన్న తెలివి తక్కువవాడని నేను అనను. ఆయన లెక్క ఒక చోట తప్పింది, ఇంకో చోట మనందరి కంటే ఆయనకే బాగా తెలుసు.

తప్పిన చోటు ముందు చూద్దాం. 18 లక్షలు అన్న మాట చెవిన పడగానే మనిషికి 18 లక్షలే కనపడతాయి. నీ ఉత్తరంలో నువ్వు రాసిన అంకెలనే నేను కూడి చూశా. చేతికొచ్చేది సగం, అంటే 9 లక్షలు. అప్పు 4, పెళ్లి 5. అయిపోయింది. ఒక్క రూపాయి మిగల్లేదు. మరి పాతబస్తీలో అద్దె, అడ్వాన్సు, సామాను దించే ట్రాలీ ఆటో కిరాయి ఎక్కడి నుంచి వస్తాయి? ఆ రెండో సగం నుంచి. అది రిజిస్ట్రేషన్లు ఓపెన్ అయ్యాక వస్తుంది. అవి ఎప్పుడు ఓపెన్ అవుతాయో బ్రోకర్ చెప్పాడా? చెప్పడు, చెప్పలేడు, ఎందుకంటే అది అతని చేతిలో లేదు.

సరే, ఆ రెండో 9 లక్షలు కూడా రేపే వచ్చాయనుకుందాం. నెలకు 7 వేల అద్దె, ఏటా నూటికి ఐదు పెంచుతారనుకో (ఇంటి ఓనర్లు అంతటితో ఆగితే మంచోళ్లే), ఆ డబ్బు తొమ్మిదేళ్లు నిండకముందే ఖాళీ. అప్పటికి నీ తమ్ముడికి పాతికేళ్లు దాటి ఉంటాయి, మీ నాన్న బస్తా ఎత్తలేని వయసులో ఉంటాడు. ఇల్లూ ఉండదు, డబ్బూ ఉండదు. ఇల్లు వచ్చినవాళ్ల జాబితాలో మాత్రం మీ అమ్మ పేరు, ఆధార్‌తో సహా, అలాగే ఉండిపోతుంది. రేపు ఇంకో ఇళ్ల పథకానికి దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు మొదట తీసి చూసేది ఆ జాబితానే.

ఇక ఆ నోటరీ సంగతి. స్థిరాస్తి అమ్మకం నోటరీ ముద్రతో చెల్లదు, రిజిస్ట్రేషన్ కావాలి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా ఈ మూడూ కట్టగట్టి చేసే అమ్మకం హక్కు ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. పైగా మీది మామూలు ఇల్లు కూడా కాదు, అమ్మడానికి అద్దెకివ్వడానికి వీల్లేదన్న షరతు మీద ఇచ్చిన సర్కారు ఇల్లు. మరి ఇవన్నీ తెలిసి కూడా కొనేవాడు 9 లక్షలు ఎందుకు పెడుతున్నాడు అని అడగాలి కదా. వాడికి ఓపిక ఉంది. పదేళ్లకో పదిహేనేళ్లకో ఏదో ఒక ప్రభుత్వం ఎన్నికల ముందు ఒక జీవో తెచ్చి ఉన్నవాళ్ల పేర్ల మీద రాసిచ్చేస్తుందని వాడి పందెం. 2014 చివర్లో వచ్చిన 58, 59 జీవోలు ఆక్రమించిన సర్కారు జాగాల్లో కట్టుకున్న ఇళ్లను క్రమబద్ధీకరించాయి, అలాంటివి చూసినవాళ్లకు ఆ పందెం మరీ పిచ్చిగా అనిపించదు. పందెం నెగ్గితే లాభం వాడిది. ఓడితే, అంటే సర్వేకి వచ్చినవాళ్లు మీ ఇంట్లో వేరేవాళ్లను చూసి కేటాయింపు రద్దు చేస్తే, వాడు నేరుగా మీ నాన్న దగ్గరికే వస్తాడు, నా తొమ్మిది లక్షలు కక్కు అని. జీపీఏతో పాటు ఒకటి రెండు ఖాళీ కాగితాల మీద, ప్రామిసరీ నోటు మీద సంతకాలు ఎందుకు తీసుకుంటారనుకున్నావు? నీ ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ అడిగి చూడు, ఉండే ఉంటుంది.

అద్దెకివ్వడం గురించి కూడా అడిగావు. అదీ వద్దు. మీ కాలనీలో చాలామంది ఇస్తున్నారని నువ్వు అంటావు, నాకూ తెలుసు. వాళ్లకు ఇంకా నోటీసు రాలేదంతే. మీలో ఒక్కరైనా ఆ ఇంట్లో వండుకుని తిని పడుకుంటూ ఉండాలి, కరెంటు మీటరు తిరుగుతూ ఉండాలి. నాన్న వారమంతా గోదాంలో ఉన్నా ఫరవాలేదు. తాళం పడితేనో, తలుపు తీసింది వేరేవాళ్లయితేనో కష్టం.

ఇప్పుడు మీ నాన్నకు బాగా తెలిసిన సంగతికి వస్తా.

ఇల్లు అంటే నాలుగు గోడలు కాదని ఆయనకు తెలుసు. బేగంబజార్‌లో ఆయన జట్టు ఉంది, అడ్వాన్సు ఇచ్చే సేఠ్ ఉన్నాడు, కాలు నొప్పి వచ్చిన రోజు తేలిక బస్తాలు ఇచ్చే మేస్త్రీ ఉన్నాడు. ఉప్పుగూడలో ఖాతా పెట్టే కిరాణా షాపు, చిట్టీ, పండగకు పిలిచే ఇళ్లు. ఇవి ఏ పట్టాలోనూ రాయరు. కొల్లూరులో లిఫ్టు ఎక్కి ఏ అంతస్తులోనో దిగితే "ఈడ నన్ను పేరు పెట్టి పిలిచేటోడు ఒక్కడు లేడు" అనిపిస్తుంది ఆయనకు. ఆయన వెనక్కి పోదామంటున్నది డబ్బు కోసం కాదేమో, ఒకసారి అలా ఆలోచించు.

ఇది మీ ఒక్కింటి కథ కూడా కాదు. చెన్నైలో 2000 సంవత్సరం నుంచి నది ఒడ్డున, కాలువ గట్ల మీద ఉండేవాళ్లను ఊరి బయట కన్నగి నగర్‌కు తరలించారు, పదిహేను వేలకు పైగా ఇళ్లు. ఇల్లొచ్చింది, పని మాత్రం పాత చోటే ఉండిపోయింది. ఎంతోమంది అక్కడి ఇల్లు ఎవరికో అప్పజెప్పి మళ్లీ ఊళ్లోకొచ్చి అద్దెకున్నారు. చెన్నైని పొద్దున్నే ఊడ్చే పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉన్నాయి. చీపురు పట్టాల్సిన రోడ్డుకు 20 కిలోమీటర్ల అవతల ఇల్లిస్తే ఎలా ఉంటుందో వాళ్లను అడగాలి. ఆంధ్రలో పట్టణ పేదలకు సర్కారు కట్టిన టిడ్కో ఇళ్లదీ చాలా ఊళ్లలో ఇదే గోడు, ఊరు ఒక చోట, అపార్ట్‌మెంట్లు ఒక చోట. ఇళ్లు కట్టేవాళ్లు తాళాలు లెక్కపెడతారు, బస్సులు లెక్కపెట్టరు.

మేం చేసిన తప్పేంటి అన్నావు. ఏమీ లేదు. మీ మేనత్తకూ మీకూ తేడా ఒక్కటే. ఆమె కూర్చున్న జాగా సర్కారుకు కావాలి. 2024 సెప్టెంబరులో మూసీ గర్భంలో ఉన్న ఇళ్ల మీద ఆర్‌బీ-ఎక్స్ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీ గర్భం) అని రాసినప్పుడు జనం అడ్డం పడ్డారు, గొడవైంది, టీవీల్లో వచ్చింది. చాదర్‌ఘాట్ వైపు ఖాళీ చేసినవాళ్లకు మలక్‌పేటలోనే ఇళ్లు చూపించారంటే అందులో దయ కొంత, అవసరం కొంత. దగ్గరలో ఇల్లివ్వకపోతే వాళ్లు కదలరు. అయినా ఆమె పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు, అడిగి చూడు. ఈ పథకం మొదలైంది కూడా అలాగే. 2015లో సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు, పాతవి కూల్చి అదే చోట కట్టి అదే మనుషులకు ఇచ్చారు. వాళ్ల పని వాళ్లకు నడిచి వెళ్లే దూరంలోనే ఉండిపోయింది. మీ దగ్గర మాత్రం సర్కారుకు కావాల్సిన జాగా ఏదీ లేదు. అద్దెకుండేవాళ్లు, చేతిలో ఒక దరఖాస్తు. దరఖాస్తుకు బేరం చేసే బలం ఉండదు. సర్కారు జాగా ఎక్కడ చవగ్గా దొరికిందో అక్కడ కట్టారు, కంప్యూటర్ ఎక్కడ చూపిస్తే అక్కడికి వెళ్లారు.

కానీ చవక అన్న మాట ఇప్పుడు కొల్లూరుకు వర్తించదు, అసలు కథంతా అక్కడే ఉంది. 2023 జూన్‌లో మీ కాలనీ మొదలైంది, 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. సరిగ్గా రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు మొదట్లో, అదే ఔటర్ మీద కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలకు వేలంలో పోయింది. తెల్లాపూర్, నల్లగండ్ల, ఉస్మాన్‌నగర్ ఎలా మారిపోతున్నాయో నువ్వు బస్సు కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంటావు. ఊళ్లో చోటు లేదని మిమ్మల్ని ఇక్కడికి పంపారు. ఇక్కడ చోటు ఖరీదైంది కాబట్టి ఇప్పుడు ఇక్కడి నుంచీ కదిలించడానికి ఒక మనిషి 9 లక్షలు పట్టుకుని తిరుగుతున్నాడు. మీ కుటుంబం చేతిలో ఎవరికో అవసరమైన వస్తువు ఉండటం బహుశా ఇదే మొదటిసారి. అందుకే పట్టుకుని కూర్చోమంటున్నా.

పేదలు ఖాళీ చేసిన చోటికి డబ్బున్నవాళ్లు రావడాన్ని ఇంగ్లిషువాళ్లు జెంట్రిఫికేషన్ అంటారు, బుల్డోజర్ వస్తేనే అలా జరుగుతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు పెన్నుతోనే జరిగిపోతుంది. మా ఇంట్లోనే జరిగింది. మా పెదనాన్నకు ఒక హౌసింగ్ బోర్డు కాలనీలో బలహీనవర్గాల కోటాలో చిన్న ఇల్లు ఉండేది, ఒక గది, వంటకు చోటు, ముందర జామ చెట్టు. తొంభైల్లో కూతురి పెళ్లికి స్టాంపు కాగితం మీద అమ్మేశారు. మోసం ఎవరూ చేయలేదు, అప్పటికి అది మంచి రేటే, పెదనాన్న స్వీట్లు కూడా పంచారు. 1998లో సైబర్ టవర్స్ వచ్చింది, ఆ తర్వాత ఆ వైపు కాలనీలన్నిటి రాత మారిపోయింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో చూడు, ఒకప్పుడు తక్కువ ఆదాయంవాళ్లకని కట్టిన ఇళ్ల జాగాల్లో నాలుగైదు అంతస్తుల హాస్టళ్లు లేచాయి. మా పెదనాన్న ఇంటి జాగాలో కూడా ఇప్పుడు హాస్టలే. ఆయన చివరి దాకా మూడు అద్దె ఇళ్లు మారారు, ప్రతిసారీ ఊరికి ఇంకొంచెం అవతలికి. పెళ్లి చేసినందుకు ఆయన ఎప్పుడూ బాధపడలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

విదేశాల్లో ఉండే పాఠకులు ఇలాంటివి మన దగ్గరే అనుకుంటారు, అందుకని ఒకటి చెప్తా. ఇంగ్లండ్‌లో 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్లలో, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం కట్టి అద్దెకిచ్చే ఇళ్లలో ఉన్నవాళ్లు ఆ ఇళ్లను తక్కువ ధరకు కొనుక్కోవచ్చన్నారు, దాదాపు 20 లక్షల ఇళ్లు అలా వెళ్లిపోయాయి. అలా అమ్మిన ఫ్లాట్లలో నూటికి 40 ఇప్పుడు ప్రైవేటు ఓనర్ల చేతిలో అద్దెకు తిరుగుతున్నాయని 2017లో ఒక లెక్క వచ్చింది. లండన్‌కు చదువుకోడానికి వెళ్లి ఎక్స్-కౌన్సిల్ ఫ్లాటులో నలుగురు కలిసి ఉంటున్న మన పిల్లలు ఆ కథ చివరి అధ్యాయంలో కిరాయి కడుతున్నవాళ్లే. అదే లండన్‌లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర హేగేట్ ఎస్టేట్ అని 1974లో పూర్తయిన కౌన్సిల్ కాలనీ ఉండేది, దాదాపు 1,200 ఇళ్లు. అంతా కూల్చి రెండు వేలకు పైగా కొత్త ఇళ్లు ప్లాన్ చేస్తే, అందులో పాత కౌన్సిల్ అద్దె లెక్కన ఇచ్చేవి మొదటి అనుమతుల్లో దాదాపు ఎనభై. అక్కడ సొంతంగా ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకు పరిహారం ఇచ్చారు, ఆ డబ్బుతో ఆ చుట్టుపక్కల ఇల్లు దొరక్క చాలామంది ఊరి అంచులకు వెళ్లిపోయారు. మీ నాన్నకు చెప్పాల్సింది ఈ ముక్కే. చేతిలో డబ్బు పడ్డాక కూడా పాత చోటికి దారి ఉండకపోవచ్చు. ఆయన గుర్తుపెట్టుకున్న ఉప్పుగూడ అద్దెలు రెండేళ్ల కిందటివి.

ఇంత చెప్పి అప్పు మాట ఎత్తకపోతే నేను కూడా ఉత్త మాటలు చెప్పినట్టే. చెల్లీ, మీ ఇంటిని అమ్మిస్తున్నది కొల్లూరు దూరం కాదు, ఆ మూడు రూపాయల వడ్డీ. 4 లక్షలకు నెలకు 12 వేలు. ఉప్పుగూడలో మీరు కట్టే అద్దె కంటే ఎక్కువ! సొంతింట్లో ఉంటూ ఎవరికో అద్దె కడుతున్నట్టు ఉంది మీ పని. ముందు దీన్ని విరగ్గొట్టాలి. మీ కాలనీలో పొదుపు సంఘం ఉంటే అమ్మను చేర్పించు, లేకపోతే పదిమంది ఆడవాళ్లను పోగేసి మొదలుపెట్టించు. బ్యాంకు లింకేజీ రుణం వెంటనే రాదు, కొన్ని నెలలు పొదుపు కట్టాలి. వచ్చినా నాలుగు లక్షలూ ఒక్కరికే రావు, అమ్మ వాటాకు లక్షో లక్షన్నరో వస్తుంది. ఆ లక్షన్నర మూడు రూపాయల నుంచి రూపాయి చుట్టుపక్కలకు దిగినా నెలకు 3 వేలు మిగులుతుంది. ఆ 3 వేలు అసలుకే కట్టండి, ఇంకో ఫ్రిజ్‌కు కాదు. అప్పిచ్చినాయన దగ్గరికి నాన్నను ఒక్కడినే పంపకు. నువ్వు వెళ్లు, ఇప్పటిదాకా కట్టిన వడ్డీ అంతా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు, అసలులో ఇంత ఒకేసారి కడితే వడ్డీ తగ్గిస్తావా అని అడుగు. లెక్క రాసుకొచ్చిన ఆడపిల్లను చూస్తే అప్పులవాళ్లు కొంచెం సర్దుకుంటారు, నేను కళ్లారా చూశా.

నీ పెళ్లికి 5 లక్షలన్నది ఎవరి లెక్క? సంబంధం కుదిరిందా, లేక కుదిరితే కావాలని ముందే పక్కన పెట్టిన అంకెనా? నీ ఉత్తరంలో పెళ్లికొడుకు ఎక్కడా కనపడలేదు, అందుకే అడుగుతున్నా. అర్హత ఉంటే కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు వస్తాయి, మిగతాది నీ జీతంలోంచి నువ్వు దాచుకునేది. నీ పెళ్లి కోసం ఇల్లు అమ్మారన్న మాట రేపు అత్తారింట్లో నీకేం గొప్ప కాదు, అక్కడ ఏదైనా తేడా వస్తే తిరిగొచ్చి కొట్టడానికి పుట్టింట్లో ఒక తలుపు ఉండాలి. నీ సంగతి నువ్వు నోరు విప్పి చెప్పకపోతే అమ్మా నాన్నా నీ పేరు చెప్పుకుని కొట్లాడుకుంటూనే ఉంటారు.

ఇక దూరం. అమ్మకూ నీకూ ఆర్టీసీలో జీరో టికెట్ ఉంది, నాన్నకే ఖర్చు. ఆయన బేగంబజార్‌కు ఇప్పుడు ఎలా వెళ్తున్నాడో నువ్వు రాయలేదు. రెండు మూడు బస్సులు మారుతుంటే ఒకసారి ఎంఎంటీఎస్ చూడమను. షేర్ ఆటోలో లింగంపల్లి, అక్కడి నుంచి నాంపల్లి దాకా లోకల్ రైలు, నాంపల్లిలో దిగితే బేగంబజార్ నడక దూరమే, కాలు బాగా లేని రోజు ఆటో. టికెట్ చాలా చవక, సీజన్ పాస్ ఉంది. రైళ్లు తక్కువ, టైముకు వస్తాయని నేను హామీ ఇవ్వను, సాయంత్రం ఒకటి తప్పితే ప్లాట్‌ఫాం మీద చాలాసేపు కూర్చోవాలి. అయినా వారంలో రెండు రాత్రులు ఇంటికొచ్చి పడుకున్నా ఆయన మనసు మారుతుంది. గోదాంలో బస్తాల మధ్య పడుకునే మనిషికి ఆ 560 చదరపు అడుగులు ఎప్పుడు సొంతమవుతాయి చెప్పు? ఆయనకు అది ఆదివారం చుట్టపుచూపుగా వచ్చే ఇల్లు. కాలు ఇంకా ఇబ్బంది పెడుతుంటే పటాన్‌చెరు వైపు మార్కెట్ యార్డులో, గోదాముల్లో కాపలా పనో లెక్క రాసే పనో ఉందేమో మెల్లగా వాకబు చేయండి, కానీ జట్టు వదిలేయమని మాత్రం ఇప్పుడే అనొద్దు.

అమ్మ పని గురించి ఒక మాట. ఏజెన్సీ ద్వారా వెళ్తోందా, నేరుగానా? గేటెడ్ కమ్యూనిటీల్లో ఏజెన్సీ మధ్యలో ఎంత మింగుతుందో చాలామందికి తెలియదు. అదే గేటు లోపల రెండు మూడు ఇళ్లలో వంట పని నేరుగా మాట్లాడుకుంటే సైదాబాద్‌లో నాలుగిళ్లకు వచ్చినదానికంటే ఎక్కువ రావచ్చు. మిమ్మల్ని ఈ చుట్టుపక్కల నుంచి కొనేసి పంపించాలని చూసే అదే బజారుకు, పొద్దున ఏడింటికల్లా గిన్నెలు తోమడానికి మీ అమ్మ నడిచి వచ్చే దూరంలోనే ఉండాలి. ఈ వింత సంగతి జీతం మాట్లాడుకునేటప్పుడు అమ్మ గుర్తుపెట్టుకోవాలి.

కాగితాల పనులు కొన్ని. పట్టా ఒరిజినల్ బయటికి తీయొద్దు, బ్రోకర్‌కు ఫొటో కూడా పంపొద్దు, ఇప్పటికే ఆధార్ జిరాక్స్ ఇచ్చి ఉంటే దాని మీద ఎందుకిచ్చారో రాసి ఉందో లేదో గుర్తు తెచ్చుకో, లేకపోతే ఇక ముందైనా రాసి ఇవ్వండి. పట్టాలో షరతులు అర్థం కాకపోతే, లేదా నాన్న ఇప్పటికే ఏదైనా కాగితం మీద సంతకం పెట్టి అడ్వాన్స్ తీసుకుని ఉంటే (అడుగు, కోప్పడకుండా అడుగు), 15100కి ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సహాయం నంబరు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఇస్తారు, ఇల్లు అమ్మ పేరు మీద ఉంది కాబట్టి అమ్మ పేరుతోనే అడగాలి. పాతబస్తీ వైపు ఏదైనా కాలనీలో ఇల్లు మార్చి ఇవ్వమని సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టి రసీదు తెచ్చుకోండి. దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. కానీ పని పోయిందని, తండ్రి గోదాంలో పడుకుంటున్నాడని సర్కారు రికార్డులో ఒక కాగితం ఉండటం మంచిదే. మీ బ్లాకులో ఇలాంటివాళ్లు ఇంకో ఇరవై ఇళ్లైనా ఉంటారు. అందరూ కలిసి పెడితే ఇల్లు మారకపోయినా పొద్దున ఐదింటికి లింగంపల్లికి ఒక బస్సన్నా అడగొచ్చు.

మీ అమ్మానాన్నల మధ్య మాటల సంగతి నువ్వే చూడాలి, బయటినుంచి నేను చేయగలిగింది తక్కువ. ఒక్కటి మాత్రం మానుకో. బ్రోకర్ గురించి మాట్లాడేటప్పుడు నాన్నను అమ్మ ముందు తప్పుపట్టకు. ఆయన కాలు ఆపరేషన్ అప్పే ఇల్లు మింగుతోందని ఆయనకు లోపల తెలుసు, అందుకే అంత మొండిగా ఉన్నాడేమో. వడ్డీ లెక్క కాగితం ముందు ఆయనకే చూపించు, శనివారం రాత్రి కాదు, అలిసిపోయి ఉంటాడు, ఆదివారం మధ్యాహ్నం తిన్నాక.

బ్రోకర్ మళ్లీ వస్తే వాదించకండి. ఇల్లు అమ్మది, అమ్మ ఇవ్వనంటోంది అని ఒక్క మాట చెప్పి తలుపు వేయండి. రేటు ఇరవైకి పెంచుతాడు, ఇరవై రెండు అంటాడు, పక్కింటివాళ్లు ఇచ్చేశారంటాడు.

నాన్న ఒకసారి లింగంపల్లి మీదుగా నాంపల్లికి వెళ్లొచ్చాక, పొద్దున ఎంతసేపు పట్టిందో, సాయంత్రం ఎంతసేపు పట్టిందో రెండూ రాయి.